బిల్లింగ్ కౌంటర్ దగ్గర దేవుడున్నాడా?

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 26 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తున్నాను, హాస్టల్లో ఉంటాను. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి మోకాళ్ల మీద ఉండేది, చిన్నప్పుడు ఆ గొంతు వింటూనే నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు నేను లేవడం, బస్సు పట్టుకోవడం, బయోమెట్రిక్ వేయడం, అంతే. ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదని, డిశ్చార్జి లేటయిందని రోజంతా మనుషులు నా మీద అరుస్తారు, నేనూ విసుక్కుంటాను. రాత్రి బైబిలు తెరిస్తే రెండు వచనాలకే కళ్లు మూతలు పడతాయి. ఆదివారం మందిరంలో పాటలు పాడుతుంటే దేవుడు పక్కనే ఉన్నట్టుంటుంది, సోమవారానికి ఏమీ ఉండదు. మా అన్నయ్య సేవలో, అంటే పూర్తికాలం సువార్త పనిలో, ఉన్నాడు. "అది లోకసంబంధమైన ఉద్యోగం, అందులో దేవుడెలా కనిపిస్తాడు, మానేసి సేవకి వచ్చెయ్" అంటాడు. నేను రెండు బతుకులు బతుకుతున్నానా? ఆ ఆరు రోజులూ దేవుడు నాతో లేడా?
— ఒక చెల్లి, విజయవాడ

జవాబు: ఉన్నాడమ్మా. ఆ ఒక్క మాటా ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ చివరి ప్రశ్నే.

నేను 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్లాలని తొందరలో ఉన్నాను. ఆడవాళ్ల వార్డులో చివరి మంచం మీద ఒక ముసలావిడ, తుంటి ఎముక విరిగి మూడు వారాలుగా పడుకునే ఉంది, "పాపా, ఒక్కసారి ఇటు రా" అని పిలిచింది. వార్డు ఆయమ్మ వస్తుంది ఉండమని చెప్పి వెళ్లిపోయాను. మందిరంలో కూర్చున్నాను గానీ ప్రార్థన రాలేదు. పాట మధ్యలో లేచి వెనక్కి వచ్చేశాను. ఆయమ్మ రాలేదు. ఆవిడ పక్క తడిపేసుకుని ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది, నన్ను చూసి "నిన్ను ఇబ్బంది పెట్టా తల్లీ" అంది. నేను ఆవిడ దుప్పటి మార్చాను, ఒళ్లు తుడిచాను, పక్కకి తిప్పితే నడుము కింద చర్మం ఎర్రబడి పుండు మొదలవుతోంది, దానికి చేయాల్సింది చేశాను. అంతసేపూ నాకు దేవుడు గుర్తు రాలేదు. నిజంగా చెబుతున్నాను, ఒక్క వాక్యం కూడా మనసులోకి రాలేదు. ఆ పుండు ముదరకూడదన్న ఆలోచన ఒక్కటే ఉంది.

చాలా ఏళ్ల తర్వాత మత్తయి 25వ అధ్యాయం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆకలిగా ఉంటే అన్నం పెట్టారు, రోగినై ఉంటే చూడవచ్చారు అని ప్రభువు అన్నప్పుడు ఆ నీతిమంతులు ఏమంటారు? ప్రభువా, నిన్ను మేమెప్పుడు చూశాం? అంటారు. వాళ్లకి తెలియదు! మనం ఈ భాగాన్ని ఎన్ని ప్రసంగాల్లో విన్నామో, కానీ ఈ సంగతి దాటేస్తాం. ఆ పని చేస్తున్నప్పుడు వాళ్లకి దేవుడు కనిపించలేదు, పక్కనున్నట్టు అనిపించలేదు, ఒళ్లు పులకరించలేదు. వాళ్లకి కనిపించింది ఆకలితో ఉన్న ఒక మనిషి, అంతే. అయినా ఆయన అక్కడే ఉన్నాడు.

నువ్వు దేవుడు "ఉండటం", దేవుడు ఉన్నట్టు "అనిపించటం" ఒకటే అనుకుంటున్నావు. ఆదివారం అనిపిస్తోంది కాబట్టి ఉన్నాడు, సోమవారం అనిపించడం లేదు కాబట్టి లేడు. బైబిల్లో చూస్తే ఆయన్ని మనుషులు ఎక్కువగా ఆ తర్వాతే గుర్తుపట్టారు. యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్నది ఇల్లు వదిలి పారిపోతున్న దారిలో, అది గుడి కాదు, బడి కాదు. నిద్ర లేచాక గానీ ప్రభువు ఈ చోటున ఉన్నాడు, నాకే తెలియలేదు అనలేదు. ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరు శిష్యులూ తిరిగి లేచిన ప్రభువుతోనే మాట్లాడుతూ నడిచారు, రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, అప్పుడు గానీ దారిలో మన గుండె మండలేదా అని ఒకరితో ఒకరు అనుకోలేదు. మోషే నీ మహిమ చూపించమని అడిగితే ఆయనకి దొరికింది కూడా వెనకవైపే, ముఖం కాదు. ఎస్తేరు గ్రంథమైతే ఇంకా ఆశ్చర్యం, హెబ్రీ మూలంలో ఆ పుస్తకం మొత్తంలో దేవుడు అన్న పేరే రాదు. రాజభవనం, విందులు, ఫర్మానాలు, నిద్ర పట్టని ఒక రాజు. అయినా చివరిదాకా చదివినవాళ్లెవరూ ఇందులో దేవుడు లేడని అనలేరు.

అందుకని నీకు కుదిరే పని ఒకటి చెబుతాను. రాత్రి బైబిలు తెరిచి నిద్రతో కుస్తీ పట్టొద్దు. లైటు తీసేశాక, పడుకునే, ఐదు నిమిషాలు ఆ రోజుని వెనక్కి తిప్పు. పొద్దున బస్సు దగ్గర్నించి మొదలుపెట్టు. ఎవరు నీ మీద అరిచారు, ఎవరు థాంక్స్ చెప్పారు, నువ్వు ఎవరి మీద విసుక్కున్నావు, ఎక్కడ నీ మనసు మెత్తబడింది, ఎక్కడ గట్టిపడింది. ఇక్కడ నువ్వు నాతో ఉన్నావా ప్రభువా అని ఒక్కో చోట ఆగి అడుగు. తప్పు చేసినచోట క్షమించమను, రేపటికి ఒక్కటంటే ఒక్క విషయం అడుగు. ఇది నేను కనిపెట్టింది కాదు. 16వ శతాబ్దంలో జెస్యూట్ సభని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తన వాళ్లకి నేర్పిన పద్ధతి ఇది, మన కథోలిక సహోదరులకి బాగా తెలుసు, మన సంఘాల్లో ఎందుకో ఎవరూ చెప్పరు. మొదటి వారం ఏమీ కనిపించదు. రెండో వారమో మూడో వారమో, మధ్యాహ్నం నీ కౌంటర్ ముందు తాకట్టు రసీదు చేతిలో పట్టుకుని నిలబడిన తండ్రి ముఖం నీకు మళ్లీ గుర్తొస్తుంది. అప్పుడు నీకే తెలుస్తుంది.

పగలు కౌంటర్లో ప్రార్థన చేయలేవా అంటే, చేయొచ్చు, చాలా చిన్నది. నెహెమ్యా షూషనులో పారసీక రాజుకి ద్రాక్షారసం అందించే ఉద్యోగి. రాజు ఏం కావాలని అడిగాడు, ఆయన జవాబు చెప్పాడు, ఆ ప్రశ్నకీ ఈ జవాబుకీ మధ్యలో ఆకాశమందలి దేవునికి ప్రార్థించాడని రాసి ఉంది. ఎంతసేపు పట్టి ఉంటుంది, ఒక్క ఊపిరి. నీ ముందు నిలబడినవాళ్లు అరుస్తున్నప్పుడు నీకూ ఆ ఒక్క ఊపిరి ఉంది. ప్రార్థన చేశాను కదా అని అప్రూవల్ త్వరగా రాదు, కానీ "మాకేం తెలియదు, కూర్చోండి" అనేదానివి, "ఇంకో గంట పడుతుందండీ, ఈలోపు పేషెంటుకి టిఫిన్ పెట్టించండి, వచ్చిన వెంటనే నేనే పిలుస్తాను" అంటావు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాలో ప్రభువు ఉన్నాడని నేను నమ్ముతాను.

ఇక మీ అన్నయ్య మాట. ఆయన నీ మంచి కోరే అన్నాడు, అనుమానం లేదు, కానీ ఆ "లోకసంబంధమైన" అన్న మాట మన సంఘాల్లో చాలామంది మనసుల్ని రెండు ముక్కలు చేసింది. లోకాన్ని ప్రేమించకండి అని యోహాను రాసిన మాట నిజమే. అక్కడే వివరం కూడా రాశాడు, శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం అని. బిల్లు కొట్టడం అందులో లేదు. సండే స్కూల్లో మనందరం మొదట కంఠతా పట్టిన వచనంలో దేవుడు ఎంతో ప్రేమించింది ఈ లోకాన్నే. ప్రభువు సుమారు 30 ఏళ్లు వచ్చాక బోధ మొదలుపెట్టాడని లూకా రాశాడు. అంతకు ముందు నజరేతులో ఆయన్ని ఊరివాళ్లు ఏమని పిలిచారు? వడ్లవాడు, అంటే వడ్రంగి, అని. అన్నేళ్లు ఆయన తండ్రికి దూరంగా ఉన్నాడని మీ అన్నయ్య అంటాడా? పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు, లూదియ ఫిలిప్పీలో ఊదారంగు వ్యాపారం చేసింది.

మన నేల మీద జరిగింది కూడా చెబుతాను. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరకాలని. ఎక్కువమంది మాదిగలు. సువార్తికులే అక్కడ పని చూసుకునేవాళ్లు, ఆ కాలవ గట్టు మీదే సువార్త మాటలు జరిగాయి. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నీ అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది తీసుకున్నారు. ఒంగోలు వైపు వాళ్లకి ఆ అంకె నోటికి వస్తుంది, కానీ ఆ అంకె వెనక ఉన్న మట్టి తట్టల్ని మర్చిపోతుంటాం. మట్టి మోసిన రోజులు ఒక లెక్క, నీళ్లలో దిగిన రోజు ఒక లెక్క అని నేను అనుకోను.

సేవకి పిలుపు వస్తే వెళ్లమ్మా, అది గొప్ప సంగతి. కానీ ఇక్కడ దేవుడు లేడని పారిపోయి వెళ్లకు. ఇక్కడ లేని దేవుడు అక్కడా దొరకడు. మీ అమ్మ నాలుగింటి ప్రార్థన నీకు కుదరడం లేదని కుమిలిపోవద్దు. వారానికి ఒకసారి ఫోన్ చేసినప్పుడు నీ కౌంటర్ దగ్గర చూసిన ఇద్దరి కష్టం అమ్మకి చెప్పు, ఆవిడ నాలుగింటికి వాళ్ల కోసం చేస్తుంది.

ప్రశ్న: సిస్టర్, నేను ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్స్ చూస్తాను, వరంగల్ వైపు ఊళ్లు తిరుగుతాను. టార్గెట్ టెన్షన్ చాలా ఉంటుంది. కొన్నిసార్లు వాయిదా కట్టలేనివాళ్లని పదిమంది ముందు నిలబెట్టి మాట్లాడమంటారు. అలా చేసిన రోజు ఇంటికొచ్చి కుటుంబ ప్రార్థనలో కూర్చోలేకపోతున్నాను. ఇలాంటి పనిలో కూడా దేవుడుంటాడా?
— ఒక సహోదరుడు

జవాబు: మీరు ప్రార్థనలో కూర్చోలేకపోతున్నారే, అక్కడ ఉన్నాడు. ఆ అడ్డుపడుతున్నది ఆయనే అనుకుంటున్నాను.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి మేమేం చేయాలి అని అడిగారు. ఆ రోజుల్లో ఆ ఉద్యోగాన్ని జనం ఎంత అసహ్యించుకునేవాళ్లో మీకు తెలుసు. యోహాను ఉద్యోగం మానేయమనలేదు, మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సిపాయిలు అడిగితే ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అప్పు తీసుకున్నవాళ్లని తిరిగి కట్టమని అడగడం పాపం కాదు. మనిషిని వీధిలో పదిమంది ముందు నిలబెట్టడం పాపం, అది పైవాళ్లు చెప్పినా పాపమే. రేపు వెళ్లే మొదటి ఇంట్లో, లోపల కూర్చుని, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి మాట్లాడండి. ఆ నెల టార్గెట్ తగ్గితే తగ్గనివ్వండి. అలా చేయనివ్వం అని మీ పైవాళ్లు అంటే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి, ఇంట్లో ఖర్చులు చూసుకుని, తొందరపడకుండా, కానీ నిజంగా వెతకండి. ఈ సంగతి మీ ఆవిడకి చెప్పారా? ఉత్తరంలో రాయలేదు. ఈ రాత్రే చెప్పండి, కుటుంబ ప్రార్థన అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది రాజోలు దగ్గర. నాలుగేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తున్నాను. మేడమ్ మంచిదే, కానీ సెలవు దొరకదు. ఇక్కడ మన తెలుగు కూటాలు శుక్రవారం జరుగుతాయట, ఆ రోజే ఇంటినిండా చుట్టాలు వస్తారు, ఎప్పుడూ వెళ్లలేకపోయాను. ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షారసం, తీసుకుని నాలుగేళ్లయింది. గిన్నెలు కడుగుతూ ఆయనతో మాట్లాడుకుంటాను, ఒక్కోసారి గట్టిగా ఏడుస్తాను. ఇది ప్రార్థన కింద లెక్కకి వస్తుందా? మా అమ్మాయి ఊళ్లో మా అమ్మ దగ్గర ఉంది, పదో తరగతి.

జవాబు: లెక్కకి రావడమేంటమ్మా. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు నాకు.

ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో లారెన్సు అని ఒక సహోదరుడు ఉండేవాడు. సైన్యంలో దెబ్బ తగిలి కుంటుతూ నడిచేవాడు. పారిస్‌లో కర్మెలీయులనే కథోలిక సన్యాసుల మఠంలో చేరితే ఆయన్ని వంటింట్లో పెట్టారు. వంటపని ఆయనకి అసలు ఇష్టముండేది కాదట. అక్కడే ఏళ్ల తరబడి చేశాడు, తర్వాత చెప్పులు కుట్టే పనికి మార్చారు, 1691లో చనిపోయాడు. పెనం మీద అట్టు తిరగేసినా దేవుని మీద ప్రేమతోనే తిరగేస్తాను అనేవాడట. గిన్నెల చప్పుడులో, నలుగురు నాలుగు రకాలుగా అడుగుతుంటే, అక్కడా ఆయనకి మోకాళ్ల మీద ఉన్నప్పటి నెమ్మదే ఉండేదట. అది మొదటి రోజే రాలేదు. మొదటి పదేళ్లు చాలా మథనపడ్డానని ఆయనే రాసుకున్నాడు. మీకు నాలుగేళ్లే అయ్యాయి, పైగా మఠంలో చుట్టూ ప్రార్థించేవాళ్లున్నారు ఆయనకి, మీకు ఎవరూ లేరు.

బైబిల్లో మీలాంటి ఒకామె ఉంది. సిరియా సేనాపతి నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నది. ఇశ్రాయేలు దేశం నుంచి చెరపట్టి తెచ్చారు. ఆమెకి మందిరం లేదు, యాజకుడు లేడు, సబ్బాతు ఉందో లేదో కూడా తెలియదు, పేరు కూడా రాయలేదు. తన యజమానురాలితో ఒక్క మాట అంది, సమరయలో ఉన్న ప్రవక్త దగ్గరికి అయ్యగారు వెళ్తే కుష్ఠు నయమవుతుందని. ఆ ఒక్క మాటతో ఆ కథంతా కదిలింది. పరాయి దేశంలో, పరాయివాళ్ల ఇంట్లో, తనని తెచ్చినవాళ్ల మీదే జాలిపడిందంటే దేవుడు ఆ వంటింట్లో లేకుండా అది ఎలా వస్తుంది?

ప్రభువు బల్ల గురించి మీరు పడుతున్న బాధని తక్కువ చేయను. సంఘం లేకుండా ఒంటరిగా ఉండటం కష్టం, దేవుడు అంతటా ఉన్నాడు కదా ఇక సంఘమెందుకు అనేవాళ్లతో నేను ఏకీభవించను. మీకు కుదరకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. రెండు పనులు చేయండి. చుట్టాలు తక్కువగా వచ్చే వారం ఏదో మేడమ్‌ని ముందుగా అడిగి, నెలకో రెండు నెలలకో ఒక్క శుక్రవారం రెండు గంటలు పంపమని అడగండి, మంచిదని మీరే రాశారు కదా, నేరుగా అడిగి చూడండి. రెండోది, మీ ఊళ్లో పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి, సంఘంలో బల్ల ఇచ్చే ఆదివారం మీ పేరు చెప్పి ప్రార్థించమనండి. ఆ గంటలో మీరు ఏ పనిలో ఉన్నా, ఊళ్లో మీ వాళ్లు మీ కోసం నిలబడ్డారని తెలుస్తుంది.

ఇంకో మాట. మీ మేడమ్ మంచిదన్నారు, సంతోషం. కానీ ఇది చదువుతున్న వేరే చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా, అది ప్రభువు ఇచ్చిన సిలువ అని ఓర్చుకుని కూర్చోకండి. కువైట్‌లో భారత రాయబార కార్యాలయం ఇంటి పనివాళ్ల ఫిర్యాదులు తీసుకుంటుంది, ఆశ్రయం కూడా ఇస్తుంది. నంబరు ఇప్పుడే ఎక్కడైనా రాసి దాచుకోండి.

మీ అమ్మాయికి పరీక్షలు మార్చిలో ఉంటాయి. ఆమె పేరు రాయలేదు మీరు. ఈసారి ఉత్తరంలో రాయండి, ఏ సబ్జెక్టంటే భయమో కూడా రాయండి.